ఇంటికి నాలుగు పండ్ల చెట్లు: ఆరోగ్యానికి, ఆపదకు ఆసరా



మీ వారిని డిశ్చార్జి చేసే రోజున మందుల చీటీతో పాటు ఆహారం గురించి కూడా మేము చెబుతాం. "రోజూ ఒక పండు పెట్టండి" అంటే చాలామంది సరేనని తల ఊపుతారు. కొందరు మాత్రం, "మందులకే అప్పు చేసినం సిస్టరమ్మా, పండ్లు ఎక్కడ కొంటం?" అని ఉన్నమాట చెబుతారు. అలా అనేవారిలో ఎకరం, రెండెకరాలు ఉన్న రైతు కుటుంబాలు ఎన్నో. నేల ఉంది, ఇంట్లో పండు లేదు. ఈ లోటును ఇంటివారే కొంతవరకు ఎలా తీర్చుకోవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం.

జబ్బుకూ పంటకూ సంబంధం ఏమిటి?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఎక్కువగా పండేవి వరి, పత్తి. వీటి మీద డబ్బు ఏడాదికి ఒకసారి, నీళ్ళుంటే రెండుసార్లు వస్తుంది. జబ్బు మాత్రం పంట చేతికొచ్చేదాకా ఆగదు. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ జరిగినా దారి ఖర్చులు, తోడు ఉన్నవారి తిండి, పోయిన కూలి ఇంటివారే భరించాలి. అప్పుడు మిత్తికి తెస్తారు. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి అంటే 50,000 రూపాయలకు నెలకు 1,000, ఏడాదికి 12,000 రూపాయలు. అసలు అలాగే ఉంటుంది.

నాలుగు చెట్లు పెద్ద ఆపరేషన్ ఖర్చును తీర్చలేవు. కాని పంటకూ పంటకూ మధ్య ఖాళీ నెలల్లో అవి కొద్దికొద్దిగా డబ్బు తెస్తాయి. బస్సు చార్జీకి, బీపీ మాత్రలకు, పిల్లల పుస్తకాలకు చెయ్యి చాచే అవసరం తగ్గుతుంది. చిన్న అప్పులు ఆగితే పెద్ద అప్పుకు దారి కొంత మూసుకుపోతుంది.

పండు ఒంటికి ఏమి చేస్తుంది?

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి, అయిదేళ్ళ లోపు పిల్లలలో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. మన భోజనంలో ఇనుము ఎక్కువగా ఆకుకూరలు, పప్పులు, ధాన్యాల నుండే వస్తుంది. ఈ ఇనుము ఒంటికి సులభంగా పట్టదు. అదే భోజనంలో విటమిన్ 'సి' ఉంటే బాగా పడుతుంది. పప్పులో నిమ్మరసం పిండుకోవడం, తిన్న వెంటనే జామకాయ తినడం ఇందుకు మంచివి. నారింజలో కంటే జామలో విటమిన్ 'సి' నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. భోజనం కాగానే టీ తాగితే మాత్రం ఇనుము సరిగా పట్టదు.

మామిడి, బొప్పాయి, మునగాకు కంటిచూపుకు అవసరమైన విటమిన్ 'ఎ'ను ఇస్తాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు సుమారు 100 గ్రాముల పండ్లు కావాలి. అంటే ఒక మోస్తరు జామకాయ.

ఏ నేలకు ఏ చెట్టు?

మన ప్రాంతమంతా ఒకే రకం నేల కాదు. నీళ్ళు తక్కువగా ఉండే ఎర్ర చెలకల్లో సీతాఫలం, రేగు, ఉసిరి, నేరేడు, చింత బతుకుతాయి. మొదటి రెండు వేసవులు కాపాడితే తర్వాత ఇవి వానల మీదే నిలబడతాయి. కోదాడ, మిర్యాలగూడ వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి మడులున్నచోట నీరు నిలుస్తుంది. నీరు నిలిచే చోట బొప్పాయి, మునగ, బత్తాయి వేర్లు కుళ్ళుతాయి. అక్కడ ఎత్తయిన గట్ల మీద కొబ్బరి, ఇంటి దగ్గర మెరక మీద జామ, నిమ్మ పెట్టుకోవచ్చు. పలాస వైపు జీడిమామిడి తోటలు చూసి ఇక్కడా పెట్టాలనుకునేవారు ముందు నేలను చూపించి సలహా తీసుకోవాలి.

రకరకాల చెట్లుంటే ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒకటి చేతికొస్తుంది: వేసవిలో మామిడి, జూన్, జూలైలో నేరేడు, సెప్టెంబరు నుండి నవంబరు వరకు సీతాఫలం, ఆ తర్వాత ఉసిరి, సంక్రాంతికి రేగు, ఫిబ్రవరి, మార్చిలో చింతపండు. జామ వానకాలంలోనూ చలికాలంలోనూ కాస్తుంది.

ఎన్నాళ్ళకు కాస్తాయి? విత్తనంతో పెట్టే మునగ 6 నుండి 8 నెలలకు, బొప్పాయి 9, 10 నెలలకు, జామ అంటు 2, 3 ఏళ్ళకు, సీతాఫలం 3, 4 ఏళ్ళకు, మామిడి అంటు 4, 5 ఏళ్ళకు. చింత పిల్లల కాలానికి అందుతుంది. కనుక త్వరగా కాసేవాటినీ ఆలస్యంగా కాసేవాటినీ కలిపి నాటాలి.

బత్తాయి నేర్పిన పాఠం

బత్తాయికి పాత నల్గొండ జిల్లా పేరు పొందింది. ఎన్నో కుటుంబాలు బత్తాయి మీద ఇల్లు కట్టుకున్నాయి, పిల్లలను చదివించుకున్నాయి. అయితే ఈ చెట్టు వేసవిలో కూడా నీరు కోరుతుంది. కరువు వచ్చి బోర్లు ఎండినప్పుడు రైతులు ట్యాంకర్లతో నీళ్ళు పోశారు, అప్పు చేసి కొత్త బోర్లు వేశారు. అప్పటికీ బతకని తోటలను కొట్టివేయవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి పెంచిన చెట్టు ఒక్క వేసవిలో పోయింది, అప్పు మిగిలింది.

తప్పు బత్తాయిది కాదు. ఉన్న నేలంతా ఒకే రకం చెట్టుకు ఇచ్చి, ఆ చెట్లన్నిటినీ ఒక్క బోరు మీద ఆధారపెట్టడమే ప్రమాదం. చిన్న రైతు పొలం మొత్తాన్ని ఒకేసారి తోటగా మార్చవద్దు. తిండిగింజల పంటను ఉంచుకొని, గట్ల మీద, పెరట్లో, ఒక మూల కొన్ని గుంటల్లో మొదలుపెట్టండి.

ఇలా కలిపి పెంచే పద్ధతి మన దేశంలో ఒకచోట బాగా నిలిచింది. గుజరాత్‌లోని వాంసదా ప్రాంతంలో 1982లో బైఫ్ అనే సంస్థ గిరిజన కుటుంబాలతో 'వాడి' అనే పని ప్రారంభించింది. వాడి అంటే ఆ భాషలో చిన్న తోట. ఎకరం నేలలో మామిడి, జీడిమామిడి, వాటి మధ్య కూరగాయలు, పప్పుధాన్యాలు, చుట్టూ కంచెగా వంటచెరకు, కలప చెట్లు పెంచారు. ఇంటివారి ఆరోగ్యం, మంచినీరు, స్త్రీల ఆదాయం కూడా ఈ పనిలో భాగమే. తరువాత నాబార్డు 2003–04 నుండి ప్రత్యేక నిధితో దీనిని ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. చెట్లు కాసేదాకా మధ్య పంట ఇంటిని నడిపించింది. మనం నేర్చుకోవలసింది ఇదే.

నాటే విధానం

1. వేసవిలోనే గుంత తీసి ఎండనివ్వండి. మామిడికి మూడడుగులు, జామ, సీతాఫలాలకు రెండడుగులు చాలు.
2. పైమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొద్దిగా వేపపిండి కలిపి నింపండి.
3. తొలకరి పడ్డాక జూన్, జూలైలో నాటండి. అంటు కట్టిన చోటు మట్టి పైనే ఉండాలి. దాని కింద నుండి వచ్చే చిగుళ్ళను తీసివేయండి.
4. కర్ర పాతి కట్టండి. చుట్టూ ముళ్ళకంచె వేయండి. వేసవిలో మేకల వల్ల పోయే మొక్కలు చాలా ఉంటాయి.
5. మొదలు చుట్టూ ఎండుగడ్డి, ఆకులు పరవండి. పక్కనే అడుగున చిన్న రంధ్రం చేసిన మట్టికుండ పాతి నీరు నింపితే నీరు వేర్లకు నిదానంగా చేరుతుంది.
6. పెద్ద చెట్లకు మొదటి రెండు మూడేళ్ళు పూత తుంచివేయండి. ఆ కాలంలో మధ్యలో పెసర, మినుము వేసుకోండి.

కౌలు రైతులు పరాయి నేలలో చెట్లు పెంచలేరు. వారు ఇంటి వెనుక బొప్పాయి, మునగ, నిమ్మ పెట్టుకుంటే చాలు. గిన్నెలు, కూరగాయలు కడిగిన నీళ్ళు వీటికి సరిపోతాయి.

మొక్కలు లైసెన్సు ఉన్న నర్సరీలోనే కొనండి. సలహాకు గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. మొక్కలకు, డ్రిప్పుకు ఇప్పుడు ఏ సాయం దొరుకుతుందో మండలంలోని ఉద్యాన శాఖ అధికారిని అడగండి.

నర్సుగా చెప్పే జాగ్రత్తలు

- షుగరు ఉన్నవారు జామ వంటి పండును కొద్దిగా తినవచ్చు. మామిడి, సపోటా, సీతాఫలం చిన్న ముక్కతో ఆపాలి. రసం తాగవద్దు.
- కిడ్నీ జబ్బు ఉన్నవారికి కొబ్బరినీళ్ళు, బత్తాయి రసం ప్రేమతో ఇచ్చినా హాని కలగవచ్చు. వాటిలోని పొటాషియం రక్తంలో పెరిగి గుండెకు ప్రమాదం తెస్తుంది. డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు.
- పండ్లను కార్బైడుతో మాగపెట్టడం చట్టప్రకారం నిషేధం. గడ్డిలో మాగపెట్టండి.
- పురుగుమందు కొడితే డబ్బాపై రాసిన గడువు దాటాకే కాయ కోయండి. ఖాళీ డబ్బాను నీళ్ళకు, నూనెకు వాడవద్దు. మందును పిల్లలకు అందకుండా తాళం వేసిన చోట ఉంచండి.
- ఏ పండూ మాత్రలకు బదులు కాదు. మందులు మానవద్దు.

గుర్తుంచుకోండి

- నేలను, నీటిని చూసి చెట్టును ఎంచుకోండి.
- ఒకే రకం వద్దు, నాలుగు రకాలు మేలు.
- మొదటి కాయలు ఇంట్లో పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు. మిగిలినవే సంతకు.
- అమ్మిన డబ్బును ఇంటి ఆడవారి చేతిలో, పొదుపు సంఘం ఖాతాలో మందుల ఖర్చుకని విడిగా ఉంచండి.

మీ వారు కోలుకొని ఇంటికి వెళ్ళాక, వచ్చే తొలకరికి కనీసం రెండు మొక్కలు నాటండి. ఒకటి త్వరగా కాసేది, ఒకటి పిల్లల కాలానికి నిలిచేది. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు అవి ఎలా ఉన్నాయో మాకు తప్పక చెప్పండి.