ఫోన్లు చేస్తే గడువు ఆగదు

వేసవి సెలవులో, దసరా సెలవులో అయిపోయిన ప్రతిసారీ ఏలూరు న్యాయవాదుల దగ్గరకు ఒకే రకం కాగితాలు రావడం మొదలవుతుంది. కాగితాలనడం మర్యాదకే. ఎక్కువమంది తెచ్చేవి ఒక ప్లాస్టిక్ కార్డు, డబ్బు కట్టిన రసీదు, ఫోన్‌లో కాల్ లిస్టు. ఊళ్లు వేరు: గుండుగొలను, భీమడోలు, కైకలూరు, తాడేపల్లిగూడెం. కథ మాత్రం ఒక్కటే. విశాఖ చూడ్డానికి వెళ్లారు, హాలిడే క్లబ్ మెంబర్లయి తిరిగొచ్చారు.

వెళ్లడానికి పెద్ద ఇబ్బందేమీ లేదు. పొద్దున్నే ఏలూరులో రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖలో దిగొచ్చు. కారున్నవాళ్లకు గుండుగొలను దగ్గరే రోడ్డు చీలుతుంది: తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా పాత దారి, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా కొత్త దారి. బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా టీయూ-142 విమానం, సాయంత్రం కైలాసగిరి, మర్నాడు రుషికొండ. ఈ తిరుగుడులో మాల్ గుమ్మం దగ్గరో, పెట్రోలు బంకులోనో ఓ కుర్రాడు నవ్వుతూ కూపన్ చేతిలో పెడతాడు. పేరు, ఫోన్ నంబరు, ఏం చేస్తుంటారు, కారుందా లేదా? అంతే.

ఈమధ్య వచ్చిన కేసు గుండుగొలను దంపతులది. ఆనవాళ్లు కొంత మార్చి చెప్పుకుంటే, ఆయన చేపల చెరువు లీజుకు చేస్తాడు, ఆవిడ ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంది. కూపన్ రాసిన మర్నాడే ఫోన్ వచ్చింది. లక్కీ డ్రాలో మీ పేరు తగిలింది, భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి, డిన్నర్ మాదే అన్నారు. వెళ్లారు. ఏసీ హాల్లో గంటల తరబడి గోవా, మున్నార్, సింగపూర్ బొమ్మలు చూపించారు. ఏటా ఆరు రాత్రుల బస, పాతికేళ్లపాటు. పక్క బల్ల దగ్గర ఎవరో చేరినప్పుడల్లా చప్పట్లు. “ఈ రేటు ఈ రాత్రికేనండి, రేపు ఉండదు” అన్నారు. పిల్లాడు నిద్రకు తూగుతున్నాడు. ఆయన సంతకం పెట్టి కార్డు గీకాడు. మొత్తం రెండు లక్షల పాతిక వేలు. సగం అప్పుడే, మిగతాది ఈఎంఐ.

మరుసటి వేసవిలో గది అడిగితే సీజన్‌లో ఖాళీ లేదన్నారు. సంక్రాంతికి అడిగితే ముందు మెయింటెనెన్స్ చార్జీ కట్టమన్నారు. ఆ చార్జీ సంగతి చప్పట్ల మధ్య ఎవరూ చెప్పలేదు. డబ్బు వెనక్కివ్వమని ఆయన ఫోన్ చేశాడు. మేనేజరు మీటింగులో ఉన్నాడన్నారు. మళ్లీ చేశాడు. మేనేజరు మారిపోయాడన్నారు. ఇలా చేస్తూనే ఉన్నాడు. ఏలూరు న్యాయవాది ముందు కూర్చునేసరికి సంతకం పెట్టి రెండేళ్లు దాటి మరికొన్ని నెలలు.

“రాతపూర్వకంగా ఒక్కసారైనా అడిగారా?”

“అడక్కపోవడమేంటండి, వందసార్లు ఫోన్ చేశాను.”

ఈ జవాబు విన్నప్పుడు ఏ న్యాయవాదికైనా కోపం వస్తుంది. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు కావాలి. ఫోన్ చేస్తే ఆ గడువు ఆగదు. బ్రాంచి ఆఫీసుకెళ్లి కేకలేసినా ఆగదు. కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకుంటే కొన్నిసార్లు కంపెనీ దిగొస్తుంది కాబట్టి చెప్పుకోవాల్సిందే, కానీ అక్కడ వచ్చే డాకెట్ నంబరు కమిషన్‌లో వేసిన ఫిర్యాదు కాదు. చాలామంది ఆ నంబరు చూసుకుని కేసు వేసేశామనుకుంటున్నారు.

ఎదుటివాళ్లు గడువు సంగతి ఎత్తకపోతే సరిపోతుందనుకోవడానికీ లేదు. స్టేట్ బ్యాంక్ వర్సెస్ బి.ఎస్. అగ్రికల్చరల్ ఇండస్ట్రీస్ కేసులో 2009లో సుప్రీంకోర్టు తేల్చేసింది: ఎవరు ఎత్తినా ఎత్తకపోయినా గడువును కమిషనే చూడాలి. ఆలస్యానికి తగిన కారణం ఉంటే మాఫీ చేసే అధికారం కమిషన్‌కు ఉంది. “వాళ్లు ఇదిగో అదిగో అన్నారండి” అనేది తగిన కారణమని ఒప్పించడం మాత్రం చాలా కష్టం.

కంపెనీలకు ఈ గడువు సంగతి తెలియదనుకోవడం అమాయకత్వం. ఫోన్‌లో మర్యాదగా మాట్లాడే అమ్మాయి ఒక్క ముక్క కూడా రాసివ్వదు. కాబట్టి మొదటిసారి కాదన్న వారంలోనే కాగితం మీద పెట్టాలి. కట్టిన మొత్తం, తేదీ, అడిగిన గది, వచ్చిన జవాబు రాసి ఈమెయిల్ చేయాలి. అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోవాలి. జవాబు వస్తే అదో సాక్ష్యం, రాకపోతే అది ఇంకో సాక్ష్యం. ఉత్తరం పంపినంత మాత్రాన కూడా రెండేళ్ల లెక్క ఆగదు. అది కేసుకు బలం, అంతే. కేసు మాత్రం గడువులోపు పడాల్సిందే.

గుండుగొలను ఆయన ఆలస్యానికి పోలీసుల పాత్రా కొంత ఉంది. స్టేషన్‌కు వెళితే “ఇది సివిల్ మేటర్, విశాఖలో పెట్టుకోండి” అని పంపేశారు. మొదటి మాటలో కొంత నిజముంది. రెండోది తప్పు. 1986 నాటి పాత చట్టంలో అవతలివాళ్లుండే చోటో, వివాదం పుట్టిన చోటో కేసు వేయాల్సి వచ్చేది. కొత్త చట్టం 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోటే వేయనిస్తుంది. అంటే గుండుగొలనువాళ్లు ఏలూరులోని జిల్లా కమిషన్‌కు వస్తే చాలు. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధే, 5 లక్షల వరకు కోర్టు ఫీజే లేదు. ఈ ఒక్క విషయం తెలియక, విశాఖ ఖర్చులు లెక్కేసుకుంటూ ఆయన ఏడాది పోగొట్టుకున్నాడు.

సంతకం పెట్టేశాం కదా, ఇంకేం చేయగలమని దిగులు పడేవాళ్లకు పయనీర్ అర్బన్ కేసులో 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. గత్యంతరం లేక చుక్కల గీత మీద సంతకం చేసిన ఏకపక్ష షరతులకు కొనుగోలుదారు కట్టుబడనక్కర్లేదని అందులో చెప్పింది. అది ఫ్లాట్ కేసు, అయినా క్లబ్ కేసుల్లోనూ వాదించుకోవచ్చు. ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలన్న షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో తేలింది. అయితే ఫిర్యాదును సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న పేర్లతోనే రాయించుకోవాలి. “అన్యాయమైన ఒప్పందం” అన్న ప్రత్యేక శీర్షిక కింద వేస్తే అది రాష్ట్ర కమిషన్ పరిధిలోకి పోతుంది. ఇది చూసుకోని వకీళ్లూ ఉన్నారు.

ఐరోపా సమాఖ్యలో ఇలాంటి ఒప్పందం చేసుకున్నవారికి 14 రోజుల్లో కారణం చెప్పకుండా తప్పుకునే హక్కు ఉంది, ఆ గడువు తీరేదాకా అడ్వాన్సు కూడా తీసుకోకూడదు. స్పెయిన్ తీరంలో ఎండ కాచుకోవడానికొచ్చిన పర్యాటకులకు జరిగినవి ఈ దంపతులకు జరిగినవాటి లాంటివే. మన దేశంలో ఇలాంటి బస ఒప్పందాలకు, అంటే టైమ్‌షేర్‌కంటూ, విడిగా చట్టం లేదు. కొన్ని సంస్థల ఒప్పందాల్లో పది రోజుల గడువు ఉంటుంది, అదీ చిన్నక్షరాల్లో. విశాఖ నుంచి ఇంటికొచ్చి ఇసుక చెప్పులు కడుక్కునేలోపు సగం గడిచిపోతుంది. ఆ రాత్రి ఒప్పందం నకలు అడిగి తీసుకోనివాళ్లకు అలాంటి గడువుందన్న సంగతే తెలియదు. ఈ దంపతుల దగ్గరా నకలు లేదు, కార్డే ఉంది.

వాళ్లను కొంతైనా ఆదుకున్నది ఆవిడ ఫోన్. “మీ రీఫండ్ విజ్ఞప్తి పరిశీలనలో ఉంది” అని కంపెనీ నుంచి ఒకసారి వాట్సాప్ సందేశం వచ్చింది. ఆయనకు గుర్తే లేదు, ఆవిడ చెరిపేయలేదు. దాన్ని ఫొటో తీసి ఇస్తే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయమనే అభ్యంతరం వస్తుంది కాబట్టి ఫోన్ మార్చొద్దని న్యాయవాది గట్టిగా చెప్పాడు. సందేశం వచ్చిన తేదీ నుంచి లెక్కిస్తే గడువు మిగిలే ఉందన్న వాదనతో ఫిర్యాదు. అది నిలవకపోతే ఆలస్యం మాఫీకి విడిగా పిటిషన్. రెండూ ఒకేసారి దాఖలయ్యాయి. ఒప్పందం అసలు కాగితం తెప్పించాలని మూడో పిటిషన్ కూడా పడింది.

కంపెనీకి నోటీసు అందిన వారానికి ఆయనకు మళ్లీ ఫోన్ వచ్చింది. కేసు గురించి కాదు, ఈ ఏడాది మెయింటెనెన్స్ చార్జీ బకాయి ఉందట. ఆ మాటే ఈమెయిల్‌లో రాసి పంపమని అడిగాడాయన. లైన్ కట్టయింది.