సూరత్ చూసి సీరత్ తేల్చవచ్చా?

తెలుగునాట ఏదైనా పని చెడితే వెంటనే వినిపించే మాట ఒకటుంది: “పొద్దున్నే లేచి ఎవరి ముఖం చూశానో!” బస్సు తప్పిపోయినా, బేరం కుదరకపోయినా నింద ఎదురొచ్చినవారి ముఖం మీద పడుతుంది. విచారకరమైన విషయం ఏమిటంటే, కలిమా చదివిన మన ఇళ్ళలో కూడా ఈ మాట వినిపిస్తూనే ఉంది. ఎదురొచ్చిన వితంతువును చూసి వెనక్కి తిరిగేవారూ ఉన్నారు. అపశకునానికి వాస్తవం లేదని దైవప్రవక్త (స) స్పష్టంగా బోధించారు (బుఖారీ). ఒకరి ముఖానికి మన లాభనష్టాలను నిర్ణయించే శక్తి లేదు. ఆ అధికారం అల్లాహ్‌ది మాత్రమే.

ముఖం చూసి తీర్పు చెప్పే అలవాటు శకునాలతో ఆగదు. సంబంధం చూసేటప్పుడు, ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడు, అప్పు ఇచ్చేటప్పుడు, చివరికి సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా అది మన వెంటే ఉంటుంది. ఉర్దూలో సూరత్, సీరత్ అని రెండు మాటలున్నాయి. సూరత్ అంటే రూపం, సీరత్ అంటే నడవడిక. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని తేల్చవచ్చా? ఈ విషయమై ధర్మం ఏమంటుందో, పరిశోధకులు ఏం కనుగొన్నారో చూద్దాం.

ముఖం అల్లాహ్ సూచన

మానవుణ్ణి అత్యుత్తమమైన ఆకృతిలో సృష్టించినట్లు అల్లాహ్ తెలియజేశాడు (95:4). మన భాషలలో, రంగులలో ఉన్న తేడాలను తన సూచనలుగా పేర్కొన్నాడు (30:22). రెండు కళ్ళు, ఒక ముక్కు, ఒక నోరు. ఇంత చిన్న చోటులో కోట్లాది ముఖాలు! అయినా తల్లి తన బిడ్డను గుంపులో గుర్తుపడుతుంది. పుట్టిన కొద్దిసేపటికే శిశువు ముఖాన్ని పోలిన బొమ్మ వైపు చూపు తిప్పుతుందని పరిశోధకులు గమనించారు. మెదడులో ముఖాలను చూసినప్పుడు ప్రత్యేకంగా స్పందించే ఒక భాగం ఉందని 1997లో నాన్సీ కాన్విషర్ బృందం వివరించింది. మెదడు దెబ్బతిన్న కొందరు చూపు బాగానే ఉన్నా, సొంతవాళ్ళ ముఖాలను సైతం పోల్చుకోలేరు. గొంతు విని, నడక చూసి గుర్తుపడతారు. మనం రోజూ అనుభవిస్తూ తలచుకోని అనుగ్రహాలలో ఇదొకటి.

ముఖానికి ధర్మం ఇచ్చిన గౌరవం కూడా గొప్పది. ఎవరినైనా కొట్టవలసి వచ్చినా ముఖం మీద కొట్టరాదని మహాప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం).

పదోవంతు సెకనులో తీర్పు

2006లో ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జానీన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరోవ్ ఒక పరిశోధన ప్రచురించారు. తెలియని ముఖాలను సెకనులో పదోవంతు సేపు చూపించి, ఇతను నమ్మదగినవాడా, సమర్థుడా, దుడుకు స్వభావం కలవాడా అని అడిగారు. అంత తక్కువ సమయంలో ఇచ్చిన జవాబులు, తీరిగ్గా చూసి ఇచ్చిన జవాబులతో చాలావరకు కలిశాయి. ఎక్కువసేపు చూపించినప్పుడు తీర్పు పెద్దగా మారలేదు. తమ తీర్పు మీద నమ్మకం మాత్రం పెరిగింది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. పదిమంది ఒకే మాట చెప్పారంటే ఆ మాట నిజమని కాదు. అందరి అపోహా ఒకటే కావచ్చు. ఇటలీ వైద్యుడు లాంబ్రోజో 1876లో ఒక గ్రంథం రాసి, దవడలు, చెవులు, నుదురు చూసి పుట్టుకతోనే నేరస్థుడైనవాణ్ణి గుర్తించవచ్చన్నాడు. చాలామంది నమ్మారు. ఇంగ్లాండులో చార్లెస్ గోరింగ్ సుమారు 3,000 మంది ఖైదీల కొలతలను ఇతరులతో పోల్చి, అలాంటి నేరస్థుల ఆకృతి ఏదీ లేదని 1913లో తేల్చాడు.

చూసిన ముఖాన్ని గుర్తుంచుకోవడంలో కూడా పొరపాటు జరుగుతుంది. అమెరికాలో 1984లో జరిగిన ఒక అత్యాచారం కేసులో బాధితురాలు, నిందితుడు ఇతనేనని రొనాల్డ్ కాటన్ అనే యువకుణ్ణి చూపించింది. నేరస్థుడి ముఖాన్ని ఆమె శ్రద్ధగా గుర్తుపెట్టుకుంది. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం ఆమెకు ఏమాత్రం లేదు. రెండోసారి విచారణ జరిగినప్పుడు అసలు నేరస్థుణ్ణి కోర్టులో ఎదుట నిలబెట్టినా ఆమె పోల్చుకోలేకపోయింది. పదేళ్ళకు పైగా జైల్లో గడిపాక, 1995లో డీఎన్ఏ పరీక్ష వల్ల కాటన్ నిర్దోషిగా బయటపడ్డాడు. కళ్ళారా చూశాననే సాక్షి కూడా పొరపడవచ్చు. కాబట్టి సాక్ష్యం ఎంత బరువైన అమానతో ఆలోచించండి!

రంగు చూసి వంశాన్ని శంకించిన వేళ

హజ్రత్ జైద్ (రజి) తెల్లగా ఉండేవారు. ఆయన కుమారుడు హజ్రత్ ఉసామా (రజి) బాగా నల్లగా ఉండేవారు. ఉసామా తల్లి ఉమ్మె ఐమన్ (రజి) హబషా దేశస్థురాలు. రంగులో తేడా చూసి కొందరు ఆ తండ్రీకొడుకుల బంధాన్నే శంకించేవారు. ఒకరోజు ఇద్దరూ దుప్పటి కప్పుకొని పడుకున్నారు. తలలు మూసి ఉన్నాయి, పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. పోలికలు చూసి వంశం చెప్పడంలో పేరొందిన ముజజ్జిజ్ ఆ పాదాలు చూసి, ఇవి ఒకే వంశానివని చెప్పేశాడు. దైవప్రవక్త (స) ఆనందంతో వెలిగే ముఖంతో హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు వచ్చి ఈ విషయం తెలిపారు (బుఖారీ, ముస్లిం). ముఖాలు చూసినవారు శంకించారు, ముఖాలు చూడనివాడు నిజం చెప్పాడు!

మరో సందర్భంలో ఒక పల్లెవాసి వచ్చి, తన భార్య నల్లని బిడ్డను కన్నదని చెప్పాడు. మాటలో అనుమానం దాగి ఉంది. దైవప్రవక్త (స) అతణ్ణి కోపగించలేదు. నీ ఒంటెలు ఏ రంగువని అడిగారు. ఎర్రనివి అన్నాడు. వాటిలో బూడిదరంగువి ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాడు. అవి ఎలా వచ్చాయంటే, పూర్వపు పోలిక ఏదో వచ్చి ఉంటుందన్నాడు. నీ బిడ్డ విషయంలోనూ అలాగే జరిగి ఉండవచ్చు కదా అని ఆయన నచ్చజెప్పారు (బుఖారీ, ముస్లిం). ఆ కొద్ది మాటలతో ఒక స్త్రీ గౌరవం, ఒక బిడ్డ భవిష్యత్తు, ఒక కాపురం నిలబడ్డాయి.

మరి ఫిరాసత్ సంగతేమిటి?

కొందరు సోదరులు ఇలా అడగవచ్చు: “హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ సలామ్ (రజి) దైవప్రవక్త (స) ముఖం చూడగానే ఇది అబద్ధాలకోరు ముఖం కాదని గ్రహించారు కదా! విశ్వాసి ఫిరాసత్ గురించి హదీసు కూడా ఉంది కదా!”

మొదటి ఉల్లేఖనం తిర్మిజీలో ఉంది. అయితే ఆయన కేవలం ముఖం చూసి ఊరుకోలేదు. బుఖారీ ఉల్లేఖనం ప్రకారం ఆయన ప్రశ్నలు వేసి, జవాబులు విని, ఆపైన విశ్వసించారు. ఫిరాసత్ హదీసు పరంపర బలహీనమైనదని పలువురు హదీసువేత్తలు చెప్పారు. ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం హి.శ. 751) ఫిరాసత్‌ను మూడు రకాలుగా విభజించారు. మొదటిది ఈమాన్ వల్ల కలిగేది. రెండోది ఆకలి, జాగరణ వంటి సాధనతో వచ్చేది. ఇది అవిశ్వాసికి కూడా రావచ్చునని, దాన్నిబట్టి ఎవరినీ వలీగా భావించరాదని ఆయన హెచ్చరించారు. మూడోది శరీర లక్షణాలనుబట్టి ఊహించేది.

దివ్య ఖుర్ఆన్ ఈ విషయంలో ఎంతో సూక్ష్మమైన మాట చెప్పింది. కపట విశ్వాసుల గురించి చెబుతూ, అల్లాహ్ తలచుకుంటే ముఖ చిహ్నాలతోనే వారిని తన ప్రవక్తకు పట్టిచ్చేవాడనీ, అయితే వారి మాట తీరునుబట్టి ఆయన వారిని తప్పక గుర్తిస్తారనీ తెలిపింది (47:30). మరోచోట, వారి రూపాలు చూడటానికి ముచ్చటగా ఉంటాయనీ, వాస్తవానికి వారు గోడకు ఆనించిన దుంగల్లాంటివారనీ అన్నది (63:4). అడగడానికి సిగ్గుపడే పేదల్ని చూసి తెలియనివాడు సంపన్నులనుకుంటాడని కూడా హెచ్చరించింది (2:273). పైచూపు రెండు వైపులా మోసపోతుందన్నమాట.

మనం ఏం చేయాలి?

1. సంబంధాలు చూసేటప్పుడు: పెళ్ళికి ముందు అమ్మాయిని చూసుకోవడం ధర్మసమ్మతం. హజ్రత్ ముగీరా (రజి)కి దైవప్రవక్త (స) స్వయంగా ఆ సలహా ఇచ్చారు (తిర్మిజీ). అందం కోరుకోవడం తప్పు కాదు. కానీ ధార్మికతకు ప్రాధాన్యమివ్వమని ఆయన ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). ఇక, నలుగురు కలిసి వెళ్ళి, పెట్టిన చాయ్ తాగి, బయటికొచ్చి “రంగు తక్కువ, ముక్కు బాగోలేదు” అని చెప్పుకోవడం గీబత్. హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టితనం గురించి అన్న ఒక్క మాట సముద్రపు నీటిలో కలిపినా దాన్ని మార్చేసేంత చెడ్డదని దైవప్రవక్త (స) అన్నారు (అబూ దావూద్). రంగు తక్కువని కట్నం పెంచి అడగడం మరో అన్యాయం. ఒక ప్రసిద్ధ క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ అనే మాటను 2020లో తీసేశారు. మన మనసుల్లోంచి అది ఎప్పుడు పోతుంది? హజ్రత్ జులైబీబ్ (రజి) చూపులకు అందగాడు కాదు. యుద్ధం ముగిశాక సహచరులు తమవారిని తలచుకుంటుంటే, దైవప్రవక్త (స) జులైబీబ్ కోసం వెతికించారు. ఏడుగురు శత్రువులను హతమార్చి అమరుడైన ఆయన్ను తన చేతులపై మోసి, అతను నావాడు, నేను అతనివాణ్ణి అన్నారు (ముస్లిం).

2. డబ్బు వ్యవహారాల్లో: గడ్డం, నుదుట సజ్దా గుర్తు చూసి, ‘హలాల్ లాభం’ అన్న మాట విని కష్టార్జితం అప్పగించి మోసపోయిన కుటుంబాలు ఉన్నాయి. గుర్తు గౌరవించదగినదే, కానీ అది జమానతు కాదు. ఒక వ్యక్తి మంచివాడని చెప్పిన సాక్షిని హజ్రత్ ఉమర్ (రజి) మూడు ప్రశ్నలు అడిగినట్లు ఉల్లేఖనముంది. నువ్వు అతని పొరుగువాడివా? అతనితో ప్రయాణం చేశావా? దీనార్లు, దిర్హముల లావాదేవీ జరిపావా? దేనికీ అవునని రాకపోవడంతో, మస్జిదులో అతను తల వంచి లేపడం చూసి ఉంటావు, నీకు అతను తెలియడు అని పంపేశారు (బైహఖీ). ఈ మూడు ప్రశ్నలు ప్రతి ఇంట్లో గుర్తుండాలి.

3. అనుమానించేటప్పుడు: టోపీ, గడ్డం చూసి మనల్ని అనుమానిస్తే మనకు బాధ కలుగుతుంది. మరి ఊరికి కొత్తగా వచ్చిన కూలీ ముఖం చూసి మనం దొంగ అనుకుంటే? మొగం చూసి బొట్టు పెట్టే న్యాయం ఎవరు చేసినా అన్యాయమే.

4. మన ముఖం సంగతి: ముఖం ఆకృతి మన చేతిలో లేదు, ముఖకవళిక మన చేతిలో ఉంది. సోదరుణ్ణి చిరునవ్వుతో పలకరించడం సదఖా (తిర్మిజీ). గర్వంతో జనం నుంచి ముఖం తిప్పుకోవద్దని హజ్రత్ లుఖ్మాన్ కుమారునికి బోధించారు (31:18).

అల్లాహ్ మన రూపాలనూ, సంపదలనూ చూడడు, హృదయాలనూ, కర్మలనూ చూస్తాడు (ముస్లిం). ప్రళయదినాన కొన్ని ముఖాలు వెలుగుతాయి, కొన్ని దుమ్ముకొట్టుకుని ఉంటాయి (80:38–41). ఆనాటి వెలుగు చర్మపు రంగును బట్టి రాదు, కర్మలను బట్టి వస్తుంది. తన రూపాన్ని చక్కగా తీర్చినట్లే తన గుణాన్నీ చక్కదిద్దమని దైవప్రవక్త (స) అల్లాహ్‌ను వేడుకునేవారు. మనమూ అదే వేడుకుందాం. అల్లాహ్ మన సూరత్‌తోపాటు మన సీరత్‌ను కూడా అందంగా తీర్చుగాక! ఆమీన్.