పాత ఇంటి పుట్టుపూర్వోత్తరములు

అనంతపురము జిల్లాలో వానలు తక్కువ. సంవత్సరమునకు సగటున 600 మిల్లీమీటర్ల లోపే వర్షము కురియును. అందువలన ఇచటి పూర్వులు చదునైన మిద్దెలను ఎక్కువగా కట్టుకొనిరి. గోడలకు దగ్గరలో దొరకు రాయి, మన్ను, కప్పునకు దూలములు, దంతెలు, వానిపైన చవుటిమన్ను. ఇట్టి ఇల్లు ఊరి నేలనుండియే పుట్టినది.

మద్రాసునుండి రాయచూరు వరకు వేసిన రైలుమార్గము 1871లో పూర్తియై, బొంబాయి మార్గముతో కలిసినది. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు ఈ మార్గమునందే యున్నవి. దూరదేశముల సరకులు బండిలో దిగుటకు దారి ఏర్పడినది. ఎర్రని పెంకులును, ఇనుప దూలములును గల ఇండ్లు వెలసినవి.

అట్టి పాత ఇల్లొకటి గుత్తి ప్రాంతమున కలదనుకొనుడు. అది శిథిలమైనది, త్వరలో పడగొట్టబడనున్నది. “ఇది ఇచట కట్టిన ఇల్లు కాదు నాయనా! జాబు వ్రాసి సొమ్ము పంపగా, ఇల్లంతయు ముక్కలుగా పరదేశమునుండి వచ్చినది” అని అవ్వ మనుమనితో చెప్పుచుండును. మనుమడు ఆ మాటను నమ్మవలెనా? నవ్వి త్రోసివేయవలెనా? రెండును తగవు. పరిశీలింపవలెను.

అవ్వ చెప్పినది జరుగరానిది కాదు. అమెరికాలో సియర్స్ రోబక్ అను వర్తకసంస్థ 1908 మొదలు 1940 వరకు ఇండ్లను అట్లే విక్రయించినది. జాబితా పుస్తకములో బొమ్మను చూచి కోరినచో, కలప, తలుపులు, మేకులు, కట్టు విధమును తెలుపు పుస్తకము మున్నగునవి రైలులో వచ్చెడివి. అట్టి ఇండ్లను గుర్తించువారు నేడును అచట కలరు. వారు పోలికను మాత్రమే నమ్మరు. ఏలయన ఒకే తీరు ఇండ్లను పలువురు కట్టిరి. దూలములపై ముద్రించిన అక్షరములను, అంకెలను వెదకుదురు. కలపకు అంటియున్న చీటీలను చూతురు. కచేరీలలోని తాకట్టు పత్రములను తిరగవేయుదురు. పోలిక అనుమానమును పుట్టించును. గుర్తు నిశ్చయమును కలిగించును.

మనుమడును ఆ త్రోవనే పోవలెను. ద్వారబంధముపై ఉలిగీతలు కనబడినచో, అవి పరదేశపు గుర్తులని తొందరపడరాదు. ఏ కొయ్య ఏ కొయ్యతో కూడవలెనో మరువకుండుటకు మన వడ్రంగులును గుర్తులు పెట్టుకొందురు. ఇనుప దూలముపై ‘డార్మన్ లాంగ్’ అను ఉబ్బెత్తు అక్షరములున్నచో, అది ఇంగ్లండులోని మిడిల్స్‌బరో పట్టణపు సంస్థ పేరు. ఆ దూలము సముద్రము దాటి వచ్చినదని చెప్పవచ్చును.

ఇక పెంకును తీసి త్రిప్పి చూడవలెను. బాసెల్ మిషను వారు 1865లో మంగళూరున పెంకుల కర్మాగారమును స్థాపించిరి. వారి పెంకులు కొన్నింటిపై ఆ సంవత్సరమే అచ్చుపడి యుండును. దానిని చూచి “మా ఇల్లు 1865 నాటిది!” అని మనుమడు సంతోషింపవచ్చును. కాని అది కర్మాగారము పుట్టిన సంవత్సరము. పెంకును కాల్చిన సంవత్సరము కాదు. పైగా ఇల్లు కట్టిన చాలకాలమునకు కప్పు మార్చి యుండవచ్చును. ఇంటి వయస్సు తెలియుటకు దస్తావేజులను గూడ చూడవలెను.

తుదకు గోడలను చూడగా, అవి చుట్టుపట్ల కొండల రాతితో కట్టినవని తేలినదనుకొనుడు. అప్పుడు ఇల్లంతయు పరదేశమునుండి రాలేదు. కొన్ని భాగములే వచ్చినవి. దూలము ఇంగ్లండుది, పెంకు మంగళూరుది, రాయి గుత్తిది, పనితనము ఊరివారిది. అవ్వ మాట పూర్తిగా నిజము కాదు. పూర్తిగా కల్లయు కాదు.

బాలలారా! పడగొట్టిన ఇల్లు మరల సాక్ష్యము చెప్పజాలదు. మీ ఊరిలో పాత ఇంటిపై గడ్డపార పడకముందే పెద్దల అనుమతితో దానిని పరిశీలింపుడు. కనబడిన గుర్తులను వ్రాసికొనుడు; బొమ్మ గీయుడు; ఒక పెంకునైనను దాచుడు. పెద్దలు చెప్పిన మాటను శ్రద్ధతో వినుడు. విన్నదానిని కన్నులతో సరిచూచుకొనుడు.