ఆక్సిజన్ సెన్సర్ మార్చే ముందు ఫోన్‌లో ఈ నాలుగు రీడింగ్స్ చూడండి: పాత టర్బో కారు, పీయూసీ టెస్ట్, ఒక పాఠం

పదేళ్లు దాటిన టర్బో పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకునే కుర్రాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొత్త ఫ్లాగ్‌షిప్ ఫోన్ రెండు మూడు కొనే డబ్బుకి 100 పీఎస్ దాటిన బండి దొరుకుతుంటే ఎవరికి మాత్రం ఆశ ఉండదు? అయితే అలాంటి కారుకి ఏటా ఒక పరీక్ష ఉంటుంది, అదే పీయూసీ. అందులో ఫెయిల్ అయితే గ్యారేజీల్లో ఎక్కువగా వినిపించే మాట ఒక్కటే: "ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చేద్దాం."

నిజంగా సెన్సరే పోయిందా? ఇది తేల్చడానికి పెద్ద స్కానర్ అక్కర్లేదు. మీ చేతిలో ఉన్న ఫోన్, వెయ్యి రూపాయల లోపు దొరికే ఒక చిన్న అడాప్టర్ చాలు. నా 2014 మోడల్ టర్బో హ్యాచ్‌బ్యాక్ మీద చేసిన టెస్ట్‌నే ఉదాహరణగా తీసుకుని, ఎలా చదవాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందుగా, ఈ సెన్సర్ చేసే పని ఏంటి?

ఇంజిన్‌లో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే ఒక కిలో పెట్రోల్‌కి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఈ లెక్క సరిగ్గా కుదిరితే దాన్ని లాంబ్డా 1 అంటారు. గాలి ఎక్కువైతే 1 కంటే పైకి వెళ్తుంది, ఇది లీన్. పెట్రోల్ ఎక్కువైతే 1 కంటే కిందకి దిగుతుంది, ఇది రిచ్.

సైలెన్సర్ పైపులో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు అనే మూడింటినీ ఒకేసారి శుభ్రం చేయాలంటే లాంబ్డా 1 చుట్టూ చాలా సన్నటి గీత మీదే నడవాలి. ఆ గీత మీద ఇంజిన్‌ని నిలబెట్టేదే ఆక్సిజన్ సెన్సర్. బాష్ కంపెనీ దీన్ని 1976లో తయారు చేయడం మొదలుపెట్టింది. మొదట వాడింది వోల్వో, అమెరికాకి పంపిన కార్లలో.

లోపల ఉండేది జిర్కోనియా అనే సిరామిక్. ఒక పక్క బయటి గాలి, ఇంకో పక్క పొగ. రెండు వైపులా ఆక్సిజన్‌లో తేడా ఉంటే చిన్న వోల్టేజ్ పుడుతుంది. రిచ్‌గా ఉంటే 0.8, 0.9 వోల్టుల దాకా వస్తుంది, లీన్‌గా ఉంటే 0.1 దగ్గరికి పడిపోతుంది. ఇది సరిగ్గా పనిచేయాలంటే 300 డిగ్రీల సెల్సియస్ పైన వేడి ఉండాలి. అందుకే లోపల ఒక హీటర్ కూడా పెడతారు.

కారులో ఇలాంటివి కనీసం రెండు ఉంటాయి. క్యాట్‌కి ముందు ఉన్నది పెట్రోల్ ఎంత కొట్టాలో ఈసీయూకి చెబుతుంది. క్యాట్ తర్వాత ఉన్నది క్యాట్ పనిచేస్తుందో లేదో చూస్తుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే మిగతా పాఠం అంతా సులభం.

పీయూసీలో అసలు ఏం కొలుస్తారు?

బీఎస్-4 పెట్రోల్ కారుకి రెండు దశలు ఉంటాయి. మామూలు ఐడ్లింగ్‌లో సీఓ 0.3 శాతం, హెచ్‌సీ 200 పీపీఎం దాటకూడదు. తర్వాత ఆర్‌పీఎం 2500 దగ్గర పట్టుకుంటారు. అక్కడ సీఓ 0.2 శాతం లోపు, లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. బీఎస్-2, బీఎస్-3 కార్లకి లాంబ్డా గొడవ లేదు. ఐడ్లింగ్‌లో సీఓ 0.5 శాతం, హెచ్‌సీ 750 పీపీఎం లోపు ఉంటే చాలు.

సర్టిఫికెట్ లేకుండా పట్టుబడితే మోటారు వాహనాల చట్టం కింద 10,000 రూపాయల దాకా ఫైన్ పడొచ్చు. కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

ఇక్కడ గమనించాల్సిన పాయింట్ ఒకటుంది. పీయూసీ మిషన్ మీ కారు సెన్సర్‌ని అడగదు. పైపు చివర తన ప్రోబ్ పెట్టి, వచ్చే వాయువుల్ని కొలిచి, లాంబ్డాని తనే లెక్క కడుతుంది. అంటే ఒకే పొగ మీద మనకి రెండు వేరువేరు రిపోర్టులు దొరుకుతాయి: ఇంజిన్ పక్కన సెన్సర్ చెప్పేది, పైపు చివర మిషన్ చెప్పేది. ఆ రెండూ కలవకపోతే తప్పు ఎక్కడుందో ఆ తేడానే చెప్పేస్తుంది.

గ్యాడ్జెట్ సంగతి: ఏ అడాప్టర్, ఏ యాప్?

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ పోర్టులో పెట్టే అడాప్టర్లని ఈఎల్ఎం327 అని అమ్ముతారు. అసలు ఆ చిప్ చేసిన కెనడా కంపెనీ 2022లోనే మూతపడింది. ఇప్పుడు మార్కెట్లో దొరికేవి చాలావరకు క్లోన్లే. కొన్ని బాగానే పనిచేస్తాయి, కొన్ని సగం కమాండ్లకి జవాబే ఇవ్వవు. కొనేటప్పుడు రిటర్న్ పాలసీ ఉందో లేదో చూసుకోండి. ఆండ్రాయిడ్‌కి మామూలు బ్లూటూత్ మోడల్ సరిపోతుంది. ఐఫోన్‌కి మాత్రం బ్లూటూత్ లో ఎనర్జీ మోడల్ గానీ, వైఫై మోడల్ గానీ ఉండాలి. యాప్స్‌లో ఆండ్రాయిడ్‌కి టార్క్, రెండింటికీ కార్ స్కానర్ ఉన్నాయి.

ఫోన్ డిస్‌ప్లేకి రిఫ్రెష్ రేట్ ఎంత ముఖ్యమో ఇక్కడ శాంప్లింగ్ రేట్ అంత ముఖ్యం. చవక అడాప్టర్ సెకనుకి కొన్ని రీడింగ్సే తెస్తుంది. స్క్రీన్ మీద పది గేజ్‌లు పెడితే ఆ కాస్త స్పీడ్‌నీ అవి పంచుకుంటాయి. అప్పుడు చకచకా మారాల్సిన సెన్సర్ గ్రాఫ్ బద్ధకంగా కనిపిస్తుంది, బాగున్న సెన్సర్ కూడా పాడైనట్టు అనిపిస్తుంది. అందుకే ఒకసారికి నాలుగు రీడింగ్సే పెట్టండి.

ఆ నాలుగు ఇవే

ఒకటి, ముందు సెన్సర్. ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర 0.1కి, 0.8కి మధ్య ఆగకుండా ఊగుతూ ఉండాలి. ఒక అంకె దగ్గరే అతుక్కుపోతే అనుమానించాలి. కొన్ని కార్లలో వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంటుంది. అందులో వోల్టేజ్ ఊగదు, యాప్‌లో నేరుగా లాంబ్డా 1 చుట్టూ కనిపిస్తుంది. అది ఊగట్లేదని కంగారు పడొద్దు.

రెండు, వెనక సెన్సర్. ఇది దానికి పూర్తిగా ఆపోజిట్. 0.6, 0.8 మధ్య ఎక్కడో నిలకడగా ఉండాలి. ముందు సెన్సర్‌తో పాటు ఇదీ అదే లయలో ఊగుతుంటే క్యాట్ అలసిపోయిందన్నమాట. పి0420 కోడ్ వచ్చేది సాధారణంగా ఇలాంటప్పుడే.

మూడు, షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. ఈసీయూ అప్పటికప్పుడు చేసే సర్దుబాటు ఇది. ప్లస్ అంటే పెట్రోల్ కలుపుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది.

నాలుగు, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. కొన్నాళ్లుగా అలవాటైన సర్దుబాటు. రెండు ట్రిమ్‌లు కలిపి ప్లస్ 10, మైనస్ 10 శాతం లోపు ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క.

ఈ20 పెట్రోల్ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ సరిపోతుంది. లెక్క వేస్తే ఈ10కి గాలి నిష్పత్తి సుమారు 14.1, ఈ20కి సుమారు 13.5. అంటే అంతే గాలికి దాదాపు 4 శాతం ఎక్కువ ఇంధనం కొట్టాలి. పాత కారులో లాంగ్ టర్మ్ ట్రిమ్ ఆ మేరకు ప్లస్‌లో కనిపిస్తే అది రోగం కాదు. మారిన పెట్రోల్‌ని సెన్సర్ గమనించి సర్దుకుంటోందని అర్థం.

ఇప్పుడు నా కారు కేసు

నా కారు పీయూసీలో లాంబ్డా దగ్గర ఫెయిల్ అయింది. 2500 ఆర్‌పీఎం దగ్గర రీడింగ్స్ ఇవి: సీఓ 0.04 శాతం, హెచ్‌సీ 38 పీపీఎం, ఆక్సిజన్ 1.5 శాతం, లాంబ్డా 1.07. పాత ఓనర్ ఈ కారుకి క్యాట్ వెనక నుంచి బయట కంపెనీ ఎగ్జాస్ట్ వేయించాడు. మెకానిక్ అన్న స్లిప్ చూసి, "లీన్ చూపిస్తోంది తమ్ముడూ, ముందు సెన్సర్ పోయినట్టుంది, మార్చేద్దాం" అన్నాడు. ఖర్చు 9,000 దాకా అవుతుందన్నాడు.

మార్చే ముందు ఫోన్‌తో పది నిమిషాలు రికార్డ్ చేశాను. ముందు సెన్సర్ చకచకా ఊగుతోంది. షార్ట్ టర్మ్ ప్లస్ 3, మైనస్ 3 మధ్య ఆడుతోంది. లాంగ్ టర్మ్ ప్లస్ 4. వెనక సెన్సర్ 0.7 దగ్గర రాయిలా కదలట్లేదు.

ఒక్కొక్కటీ ఆలోచిద్దాం. ఇంజిన్ నిజంగా లీన్‌గా కాలుతుంటే ముందు సెన్సర్ కిందే పడి ఉండాలి, ట్రిమ్‌లు ప్లస్‌లో పైకి ఎగబాకాలి. అలా లేదు. పోనీ ముందు సెన్సర్ అబద్ధం చెబుతోందా? అలాగైతే క్యాట్ దాటి వచ్చే పొగలో ఆక్సిజన్ మిగిలిపోయి, వెనక సెన్సర్ వోల్టేజ్ కిందకి దిగాలి. అదీ లేదు. రెండు సెన్సర్లూ ఒకే మాట చెబుతున్నాయి: ఇక్కడి దాకా అంతా సరిగ్గానే ఉంది.

మరి పైపు చివర 1.5 శాతం ఆక్సిజన్ ఎక్కడిది? వెనక సెన్సర్‌కీ పైపు చివరికీ మధ్యే ఎక్కడో లోపలికి వచ్చి ఉండాలి. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 1.5ని దాంతో భాగిస్తే మిషన్ పీల్చిన దాంట్లో దాదాపు 7 శాతం బయటి గాలే అని తేలుతుంది. పైపులో పొగ నిలకడగా కాక దెబ్బలు దెబ్బలుగా వెళ్తుంది. రెండు దెబ్బల మధ్య ఒత్తిడి తగ్గినప్పుడు, లీకేజీ ఉన్న చోట బయటి గాలి లోపలికి దూరుతుంది. ప్రోబ్ సరిపడా లోపలికి పెట్టకపోయినా ఇలాగే అవుతుంది. అందుకే ముందు దాన్ని సరిచేయించి మళ్లీ చూశాం, అంకె మారలేదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక స్టార్ట్ చేసి, జాయింట్ల మీద సబ్బునీళ్లు కొట్టి చూశాం. క్యాట్ తర్వాత కొత్త ఎగ్జాస్ట్ కలిసే క్లాంప్ దగ్గర బుడగలు వచ్చాయి, చుట్టూ నల్లటి మసి గీత కూడా ఉంది. గాస్కెట్, క్లాంప్, లేబర్ అన్నీ కలిపి 650 రూపాయలు. మళ్లీ టెస్ట్ చేస్తే లాంబ్డా 1.00, పాస్. సెన్సర్ పాతదే.

ఇదే లీకేజీ ముందు సెన్సర్‌కి పక్కనే ఉండి ఉంటే కథ తలకిందులయ్యేది. సెన్సర్‌కి బయటి గాలి తగిలి లీన్ అనుకునేది, ఈసీయూ పెట్రోల్ పెంచేది, ట్రిమ్‌లు ప్లస్‌లోకి పోయేవి, సీఓ పెరిగేది. అప్పుడు కూడా కొత్త సెన్సర్ వేస్తే అదీ అదే మాట చెబుతుంది. సెన్సర్ సాక్షి మాత్రమే. సాక్షిని మార్చినంత మాత్రాన జరిగింది మారదు కదా!

మరి సెన్సర్ నిజంగా ఎప్పుడు పోతుంది?

పోదని చెప్పట్లేదు. పి0135, పి0141 కోడ్లు హీటర్ సర్క్యూట్‌వి. అక్కడ వైరింగ్, ఫ్యూజ్ చూశాక సెన్సర్ మార్చడం న్యాయమే. పి0133 అంటే స్పందన నెమ్మదించింది, లీకేజీ లేదని తేలాక మార్చొచ్చు. ఇంజిన్ ఆయిల్ కాలినా, కూలెంట్ లోపలికి వచ్చినా, సెన్సర్‌కి పడని సిలికాన్ సీలెంట్ వాడినా దాని ఆయుష్షు తగ్గుతుంది. పి0171, పి0172 మాత్రం సెన్సర్ చేసే ఫిర్యాదులు, సెన్సర్ మీద ఫిర్యాదులు కావు. ముందుగా గాలి లీకేజీ, ఫ్యూయల్ ప్రెషర్, ఇంజెక్టర్లు చూడాలి.

మోడిఫికేషన్ ప్రియులకి ఒక మాట

క్యాట్ తీసేసి, వెనక సెన్సర్‌కి స్పేసర్ తగిలిస్తే ఇంజిన్ లైట్ వెలగదని కొందరు చెబుతారు. లైట్ వెలగకపోవచ్చు గానీ, పైపు చివర ఉన్న మిషన్‌కి స్పేసర్ సంగతి తెలియదు. శుభ్రం చేసే క్యాటే లేనప్పుడు సీఓ 0.2 శాతం లోపు రావడం చాలా కష్టం. పైగా అలా మార్చడం చట్టరీత్యా తప్పు.

అమెరికాలో చదువుకుంటూ పాత స్పోర్ట్స్ కారు కొనే మనవాళ్లకి రూల్ వేరు. అక్కడ 1996 నుంచి కార్లన్నిటికీ ఓబీడీ2 తప్పనిసరి. కాలిఫోర్నియాలో 2000 మోడల్, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకి పైపులో ప్రోబ్ పెట్టరు, పోర్టు నుంచే డేటా చదువుతారు. టెస్ట్‌కి ముందు రోజు కోడ్లు చెరిపేస్తే రెడీనెస్ మానిటర్లు కూడా చెరిగిపోతాయి, అదే ఫెయిల్‌కి కారణమవుతుంది. కారు కొనేటప్పుడు యాప్‌లో రెడీనెస్ పేజీ తెరిచి చూడండి. అన్నీ "నాట్ రెడీ" అని ఉంటే బ్యాటరీ తీసి ఉండాలి, లేదా అమ్మేవాడు ఈమధ్యే ఏదో చెరిపి ఉండాలి.

టెస్ట్‌కి వెళ్లే ముందు

పావుగంట డ్రైవ్ చేసి వెళ్లండి. చల్లటి క్యాట్ పనిచేయదు. క్యూలో ఎక్కువసేపు ఇంజిన్ ఆపి ఉంచితే మళ్లీ కాసేపు వేడెక్కించండి. ఫెయిల్ అయితే లాంబ్డా అంకెతో పాటు మిషన్ స్క్రీన్ మీద ఆక్సిజన్ శాతం కూడా ఫొటో తీసుకోండి. సగం జవాబు అందులోనే ఉంటుంది.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. మన పీయూసీ టెస్ట్ పెట్రోల్ కార్లలో నైట్రోజన్ ఆక్సైడ్లని కొలవదు. పాస్ స్లిప్ వచ్చినంత మాత్రాన పొగ పూర్తిగా శుభ్రం అని కాదు. దాని కోసం ఫోన్‌లో వెనక సెన్సర్ గీతనే నమ్ముకోవాలి.

కారు బాగున్న రోజే ఈ నాలుగు రీడింగ్స్ పది నిమిషాలు రికార్డ్ చేసి దాచుకోండి. రేపు ఎవరైనా సెన్సర్ పోయిందంటే పోల్చి చూసుకోవడానికి మీ కారు పాత రిపోర్ట్ మీ దగ్గరే ఉంటుంది.