వీడియో ఫైలు ఎందుకు మొరాయిస్తుంది?

(బి.యస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి)

కళాశాల వార్షికోత్సవానికో, వీడ్కోలు సభకో ఎవరో ఒకరు సెల్‌ఫోనుతో వీడియోలు తీయడం, వాటిని కంప్యూటరులో కత్తిరించి, కూర్చి, తెర మీద చూపడం ఇప్పుడు పరిపాటి అయింది. తీరా చూపే వేళకు శబ్దం వస్తుంది, బొమ్మ రాదు. లేదా పెదవులు ఒకచోట, మాట ఇంకొకచోట. “ఈ సాఫ్టువేరు దండగ” అని తీర్పు చెప్పేస్తాం. చాలాసార్లు తప్పు సాఫ్టువేరుది కాదు. ఫైలు లోపల ఏమున్నదో చూడకుండా పనిలోకి దిగడమే చిక్కంతా తెచ్చిపెడుతుంది.

మొదట ఒక చిన్న లెక్క చూద్దాం. ఫుల్ హెచ్.డి. బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. చుక్కకు మూడు బైట్ల చొప్పున ఒక్క బొమ్మకు 62,20,800 బైట్లు. సెకనుకు 30 బొమ్మలంటే సెకనుకు సుమారు 18.7 కోట్ల బైట్లు; నిమిషానికి 1,100 కోట్లు దాటుతుంది. ఇంత భారం మోయడం మామూలు ఫోనుకు కష్టం. కావున కుదించాలి. అలా కుదించి, చూసేటప్పుడు తిరిగి విప్పే పద్ధతినే కోడెక్ అంటారు. 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265, 2018 నాటి ఏ.వి.1 ఇటువంటివి. ఎం.పి.4, ఎం.ఓ.వి., ఎం.కె.వి. అన్నవి మాత్రం కోడెక్కులు కావు. అవి సంచులు.

మాది వ్యవసాయ కుటుంబం కనుక నాకు తోచే పోలిక ఇదే. గోనెసంచి మీది ముద్ర చూసి లోపల ఉన్నది సాంబమసూరో, స్వర్ణో చెప్పలేం. చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి చూడాలి. అలాగే ఫైలు పేరు చివర ఎం.పి.4 అని ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా ఆడుతుందని నమ్మరాదు. లోపల హెచ్.265 ఉండి, పాత కంప్యూటరుకు దాన్ని విప్పే విద్య తెలియకపోతే శబ్దం ఒక్కటే వస్తుంది. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్టువేరు గింజలు తీసి చూపే పని చేస్తుంది. కోడెక్ ఏది, సెకనుకు ఎన్ని బొమ్మలు, శబ్దం ఏ రకం అన్నీ అందులో కనబడతాయి. ఏ ఫిర్యాదుకైనా నేను ముందు దీన్నే తెరుస్తాను.

ఇక కత్తిరించేటప్పుడు కంప్యూటరు ఎందుకు నత్తనడక నడుస్తుంది? ఎరువుల కొట్లో ఖాతా పుస్తకం చూడండి. నెల మొదట బాకీ మొత్తం రాస్తారు. ఆపైన రోజూ తీసుకొన్నది, కట్టింది మాత్రమే రాస్తారు. పదిహేడో తారీకు నాటి బాకీ కావాలంటే ఒకటో తారీకు నుంచి కూడుకుంటూ రావాల్సిందే. హెచ్.264 కూడా అంతే. అప్పుడప్పుడు ఒక నిండు బొమ్మ రాసి, తరువాతి వాటికి మార్పులు మాత్రం రాస్తుంది. కొన్ని బొమ్మలైతే తమ తరువాత రాబోయే వాటి మీద కూడా ఆధారపడతాయి! మనం మధ్యలో ఎక్కడో వేలు పెట్టిన ప్రతిసారీ యంత్రం వెనక్కు వెళ్ళి కూడుకుంటూ రావాలి. అందుకే ప్రాక్సీ అనే చిన్న నకళ్ళు తయారు చేసుకొని వాటి మీద కోతపని చేయడం, చివర ఎగుమతి వేళ అసలు ఫైళ్ళను వాడడం మేలు. కెడెన్‌లైవ్, డావించి రిజాల్వ్ రెండింటిలోనూ ఈ సదుపాయం ఉంది.

పెదవులకూ మాటకూ పొంతన కుదరకపోవడానికి సాధారణంగా ఫోనే కారణం. వెలుతురు తగ్గితే ఫోను ఒక్కొక్క బొమ్మకు ఎక్కువ సేపు కాంతిని పట్టుకొంటుంది. సెకనుకు 30 బొమ్మలు తీయాల్సింది 24కో, ఇంకా కిందకో దిగుతుంది. శబ్దం మాత్రం తన వేగాన తాను పోతూనే ఉంటుంది. సెకనుకు బొమ్మలు సమానంగా ఉన్నాయనుకొని కూర్చే సాఫ్టువేరులో నిమిషం నిమిషానికీ ఎడం పెరుగుతుంది. శబ్దాన్ని చేత్తో జరిపి సర్దడం వృథా ప్రయాస. మొదట సరిపోతుంది, చివరకు మళ్ళీ తప్పుతుంది. పని మొదలెట్టక ముందే హ్యాండ్‌బ్రేక్‌లో ఫ్రేమ్ రేటును కాన్‌స్టంట్ అని ఎంచి మార్చుకొంటే సరి.

అన్నిటికన్నా కలవరపెట్టేది అసలు తెరుచుకోని ఫైలు. మా నాయనమ్మ నాట్ల పాటలు పాడుతుండగా రెండేళ్ళ క్రితం మా బాబాయి ఫోనులో తీశాడు. ఇరవై ఐదు నిమిషాలయ్యాక ఛార్జింగు అయిపోయి ఫోను ఆగిపోయింది. ఫైలు మూడు గిగాబైట్ల పైనే ఉంది గాని ఎక్కడా తెరుచుకోదు. పోయిన మాఘంలో నాయనమ్మ కాలం చేసింది. ఆ పాటలు మా ఇంట్లో ఇంకెవరికీ పూర్తిగా రావు. అప్పుడు పట్టుబట్టి వెదికితే కారణం తెలిసింది. ఎం.పి.4లో బొమ్మలు, శబ్దం ముందు వరసగా రాసుకొంటూ పోయి, ఏది ఎక్కడున్నదో చెప్పే విషయసూచికను రికార్డింగు ఆపిన తరువాత చివర రాస్తారు. దీని పేరు మూవ్. ఫోను హఠాత్తుగా ఆరిపోతే సూచిక రాయబడదు. సరుకంతా లోపలే ఉంటుంది, చిరునామాలే లేవు. అన్‌ట్రంక్ అనే ఉచిత పరికరం ఉంది. అదే ఫోనుతో, అవే అమరికలతో తీసిన మరొక మంచి వీడియో ఇస్తే, దాని తీరు చూసి పోయిన సూచికను తిరిగి కడుతుంది. బాబాయి ఫోనులో మా గేదె దూడ వీడియో ఒకటి దొరికింది. దాని సాయంతో మూడు పాటలు దక్కాయి. నాలుగో పాటలో రెండుచోట్ల శబ్దం లేదు, చివర కొంత పోయింది. ఇటువంటి ఫైలును మరమ్మతు చేసేటప్పుడు అసలుదాన్ని ముట్టరాదు. నకలు మీదే ప్రయత్నించాలి. ఎగుమతి మధ్యలో కరెంటు పోయినా ఇదే జరుగుతుంది. కాని అప్పుడు ప్రాజెక్టు ఫైలు ఉంటుంది కనుక మళ్ళీ ఎగుమతి చేస్తే చాలు.

ఎగుమతి విషయంలో నా సలహా హెచ్.264, ఏ.ఏ.సి. శబ్దం, 4:2:0 రంగు, ఎం.పి.4 సంచి. కొత్త కోడెక్కుల్లో సైజు తగ్గుతుంది, నిజమే. కాని సభామందిరంలోని టీ.వి.కి అవి తెలియకపోవచ్చు. 4:4:4 రంగుతో ఎగుమతి చేసినా చాలా టీ.వి.లు చదవలేవు. బొమ్మ పాలిపోయినట్లు కనిపిస్తే, నలుపు తెలుపుల హద్దులను 16 నుంచి 235 వరకు రాసిన ఫైలును 0 నుంచి 255గా చదువుతున్నారేమో చూడాలి.

ఫైలు సైజు ముందుగానే లెక్క కట్టుకోవచ్చు. సెకనుకు 80 లక్షల బిట్లు, పది నిమిషాలు అంటే 60 కోట్ల బైట్లు. అదే రేటున గంటా పది నిమిషాలు దాటితే నాలుగు గిగాబైట్ల హద్దు వస్తుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవులో అంతకన్నా పెద్ద ఫైలు పట్టదు, డ్రైవు ఎంత ఖాళీగా ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చితే పడుతుంది. అలా మార్చినప్పుడు డ్రైవులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందే వేరేచోట దాచుకోవాలి. కొన్ని పాత టీ.వి.లు ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తించవు. అక్కడ వీడియోను రెండు ముక్కలు చేసి తీసుకువెళ్ళడమే దారి.