ఆసుపత్రి చుట్టూ తిరిగేవాళ్లకు చిట్కాలు

మా అత్తయ్యకు క్యాన్సర్ వచ్చాక కౌంటర్లు, క్యూలు, టోకెన్లు అన్నీ నాకు కొట్టినపిండి అయ్యాయి. హైదరాబాద్ చంపాపేట్‌లో మా గల్లీవాళ్లు ఇప్పుడు ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఫైలు చంకన పెట్టుకుని నా దగ్గరికే వస్తారు. వాళ్లకు చెప్పేవే మీకూ చెబుతున్నా.

1. డాక్టరుతో మాట్లాడే పని ఇంట్లో ఒక్కరికే అప్పగించండి. పొద్దున కొడుకు, సాయంత్రం అల్లుడు, రాత్రి ఆడపడుచు అడిగితే ముగ్గురికీ మూడు రకాలుగా అర్థమై, గొడవ ఇంట్లో మొదలవుతుంది.

2. ఫైల్లో కాగితాలు తేదీల వారీగా పెట్టండి, కొత్తది పైన. అన్నిటికన్నా పైన ఒక్క కాగితం మీద జబ్బు పేరు, బ్లడ్ గ్రూపు, అయిన ఆపరేషన్లు, పడని మందులు, ఏ పూట ఏ మాత్రో రాసిపెడితే కొత్త డాక్టరు వచ్చినప్పుడల్లా కథంతా మొదటినుంచి చెప్పక్కర్లేదు.

3. ఈసీజీ కాగితం కొన్నాళ్లకు వెలిసిపోయి తెల్లగా మిగులుతుంది. తీసిన రోజే జిరాక్సు తీయించండి, ఫోన్లో ఫొటో కూడా ఉంచుకోండి.

4. మాత్రల అట్ట కత్తిరించేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు ముట్టుకోవద్దు. "ఆ తెల్ల మాత్ర సార్" అంటే ఏ డాక్టరుకూ తెలియదు.

5. ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కితే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి లక్డీకాపూల్‌లో, నిమ్స్ ఆసుపత్రికి పంజాగుట్టలో దిగొచ్చు; మలక్‌పేట ట్రాఫిక్ బాధ ఉండదు. కీమో ఎక్కించిన రోజు మాత్రం పైసలు చూసుకోకుండా ఆటోలోనో క్యాబ్‌లోనో తీసుకురండి.

6. ఆరోగ్యశ్రీ ఉంటే అడ్మిట్ కాకముందే ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర "ఈ జబ్బుకు ఈ ఆసుపత్రిలో వర్తిస్తుందా" అని అడగండి. బోర్డు ఉన్నంత మాత్రాన అన్ని జబ్బులకూ ఉండదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పరిమితి 10 లక్షలు, సందేహముంటే 104కు ఫోన్ చేయండి.

7. ప్రైవేటు ఇన్సూరెన్సు అయితే 2024లో వచ్చిన బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) రూలు గుర్తుపెట్టుకోండి: క్యాష్‌లెస్‌కు కంపెనీ గంటలో జవాబివ్వాలి, డిశ్చార్జి బిల్లుకు 3 గంటల్లో. ఈ మాట మర్యాదగా చెప్పి చూడండి, కౌంటరులో ఫైలు కదులుతుంది.

8. రౌండ్స్ ఎన్నింటికో నర్సును అడిగి ఆ టైముకు మంచం పక్కనే ఉండండి. అడగాల్సినవి మూడే రాసుకోండి, ముఖ్యమైనది ముందు. నాలుగోదానికి డాక్టరు గది దాటిపోతాడు.

9. విన్నది అక్కడే తిరిగి చెప్పండి: "అంటే మంగళవారం నుంచి ఈ మాత్ర ఆపేయాలి, అంతేగా సార్?" పొరపాటు ఉంటే అప్పుడే బయటపడుతుంది.

10. చిన్న నోట్‌బుక్కులో జ్వరం, నొప్పి, మూత్రం, తిన్నది టైముతో సహా రాయండి. "బాగా నొప్పి" అంటే తలూపి వెళ్తారు. "రాత్రి రెండింటి నుంచి పదికి ఎనిమిది, మాత్ర వేశాక అయిదు" అంటే పెన్ను తీస్తారు.

11. పెద్దవాళ్లు డాక్టరు ముందు అబద్ధమాడతారు. మా అత్తయ్య రాత్రంతా మూలిగి, పొద్దున "బానే ఉన్నా నాయనా" అనేది. అందుకే నేను చీటీ రాసి ముందే నర్సు చేతికిచ్చేదాన్ని.

12. క్యాన్సర్ నొప్పిని భరించాల్సిన పనిలేదు, ఎంఎన్‌జేలో దానికోసమే పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. మార్ఫిన్ అనగానే హడలిపోకండి, డాక్టరు చెప్పిన లెక్కలో వాడితే మనిషి నిద్రపోతాడు, నాలుగు ముద్దలు తింటాడు.

13. నర్సుల మీద అరవొద్దు, డ్యూటీ మారగానే పేరు తెలుసుకుని పలకరించండి. మాట వినకపోతే అరుపులతో కాదు, ప్రభుత్వాసుపత్రిలో ఆర్‌ఎంఓకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరుకు), తర్వాత సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి.

14. టెస్టు రాయగానే పరుగెత్తకండి. "మొన్నటి రిపోర్టు సరిపోదా సార్?" అని ఫైలు చూపించండి, ఒక్కోసారి వేలు మిగులుతాయి.

15. సంతకం పెట్టమన్న కాగితం చదవకుండా పెట్టొద్దు. ఇంగ్లిషులో ఉంటే తెలుగులో చెప్పమనండి, "చేయించకపోతే ఏమవుతుంది, వేరే దారి ఉందా" అనీ అడగండి.

16. ఇంకో డాక్టరుకు చూపించుకోవడం, మందులు బయట కొనుక్కోవడం రోగుల హక్కుల పత్రంలోనే ఉన్నాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసింది. మొహమాటపడితే నష్టం మనకే.

17. రికార్డులు కావాలంటే నోటిమాటగా కాదు, అర్జీ ఇవ్వండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి.

18. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, ఫోన్లో అలారం పెట్టుకోండి. వీపు మీద ఎర్రమచ్చ కనపడ్డ రోజే చెప్పాలి, పుండయ్యాక మానడానికి నెలలు పడుతుంది.

19. డిశ్చార్జికి ముందు వాడని ఇంజక్షన్లు, సెలైన్లు ఫార్మసీకి వాపసు ఇచ్చి బిల్లులో తగ్గించమనండి. సమ్మరీలో పేరు, వయసు ఆధార్‌తో సరిపోయాయో లేదో చూడండి, తర్వాత క్లెయిము ఆగేది అక్షరం తేడాతోనే.

20. చూడ్డానికి వచ్చేవాళ్లు "ఏమైనా కావాలా వదినా" అంటే ఆపిల్స్ వద్దనండి. ఒక రాత్రి అటెండెంటుగా పడుకోమనండి, లేదంటే మిరియాల చారు, వేడన్నం క్యారేజీ తెమ్మనండి.