గేదె పొట్ట ఉబ్బినప్పుడు – నూనె పోసే ముందు

మిరప, పత్తి పండే మన నల్లరేగడి ఊళ్ళలో గేదె పొట్ట ఉబ్బిందంటే ఇంట్లో మొదట వెతికేది నూనె సీసానే. ఆ అలవాటు వల్ల బతికిన గేదెలు చాలా ఉన్నాయి. అయితే ఉబ్బిన ప్రతి పొట్టకూ నూనె మందు కాదు. ఒక్కొక్కప్పుడు అదే ప్రాణం మీదకు తెస్తుంది. ఈ తేడా సంఘ సభ్యులందరికీ తెలియాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

జట్కా గుర్రానికి కడుపునొప్పి వస్తే నేలమీద పడి పొర్లుతుంది. దాని బాధ ఎక్కువగా పేగులది. గేదె సంగతి వేరు. దాని పొట్టకు నాలుగు అరలు. మొదటి అర ఒక్కటే వంద లీటర్లకు పైగా పడుతుంది. అందులో మేత పులుస్తూ ఎడతెగకుండా గాలి పుడుతుంది. ఆ గాలి త్రేన్పులుగా బయటికి పోవాలి. త్రేన్పు ఆగిందా, ఎడమ డొక్క నిండి వెన్ను ఎత్తుకు లేస్తుంది, వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను నొక్కడంతో గేదె నాలుక చాపి రొప్పుతుంది. ఈ స్థితిలో గంటల వ్యవధిలోనే చనిపోగలదు.

లేత పిల్లిపెసర, అలసంద, లూసర్ను వంటి మేతను మంచు ఆరకముందే ఆకలిమీద మేస్తే గాలి నురుగుగా మారి మేతలో చిక్కుకుంటుంది. నూనె పనిచేసేది ఇక్కడే, నురుగును విరిచేస్తుంది. పెద్ద గేదెకు పావు లీటరు నుంచి అర లీటరు వేరుశనగ నూనె గాని, నువ్వుల నూనె గాని కొద్దికొద్దిగా పట్టాలి. నాలుక బయటికి లాగరాదు, తల పైకెత్తి పట్టరాదు, దగ్గితే వెంటనే ఆపాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నూనె వల్ల ఉబ్బరం తగ్గిన గేదె కూడా న్యుమోనియాతో పోవచ్చు. ముందుకాళ్ళు మిట్టమీద ఉండేలా నిలబెట్టి, నోట్లో వేపకర్రను కళ్ళెంలా అడ్డంగా కడితే నమలుతూ త్రేన్పు వదులుతుంది. టర్పెంటైన్ మాత్రం డాక్టరు చెబితేనే కలపాలి. ఆ వాసన పాలలోకి దిగుతుంది.

గొంతులో తాటిటెంకో మామిడిటెంకో అడ్డుపడి ఉబ్బితే నూనె, నీళ్ళు ఏవీ పోయరాదు. అవి దిగవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పెళ్ళివారి ఇంట మిగిలిన అన్నం గంపెడు తిన్న గేదెకు పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. దీనికీ నూనె మందు కాదు. డొక్క మోగదు, పేడ పలచగా పుల్లని వాసన వేస్తుంది. వంటసోడా నీళ్ళలో కలిపి పట్టడం ప్రథమ చికిత్స. అయితే ఇది పైకి కనిపించేంత తేలిక జబ్బు కాదు, సెలైను అవసరం కావచ్చు.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రమాదం పురుగుమందు. మిరపలో 2021లో నల్ల తామరపురుగు విరుచుకుపడిన తరువాత పిచికారీలు ఎన్ని పెరిగాయో అందరికీ తెలుసు. మన ఆడవాళ్ళు గేదెకు గడ్డి కోసేది ఆ చేల గట్లమీదే. ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ వంటి మందులు పడిన గడ్డి మేసినా, మందు కలిపిన డ్రమ్ములో నీళ్ళు తాగినా పొట్ట ఉబ్బవచ్చు. దాన్ని మామూలు ఉబ్బరమనుకొని నూనె పోస్తే విషం ఇంకా త్వరగా ఒంటబడుతుంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. నోటివెంట చొంగ ధార కడుతుంది, పేడ నీళ్ళలా పోతుంది, కండరాలు అదురుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, కంటిపాప సూదిబెజ్జంలా చిన్నదవుతుంది. దీపం పట్టి కన్ను చూడడానికి నిమిషం చాలు. దీనికి విరుగుడు ఎట్రోపిన్ సూది; డాక్టరే వేయాలి. అందాకా ఆ మేత తీసివేసి, ఒంటిమీద మందు పడి ఉంటే సబ్బునీళ్ళతో కడగండి. కడిగేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. మందు డబ్బాను పారవేయకుండా డాక్టరుకు చూపించండి. పేరు తెలిస్తే చికిత్స సూటిగా సాగుతుంది.

డాక్టరు వచ్చేలోగా ఇంటి కత్తితో డొక్క పొడవడం కొన్ని ఊళ్ళలో చూస్తున్నాము. డాక్టరు వాడే ట్రోకారుకు గొట్టం ఉంటుంది, గాలి నెమ్మదిగా వస్తుంది. నురుగు ఉబ్బరమైతే ఆ గొట్టం గుండానే నూనె కూడా పంపుతారు. కత్తిగాటులోంచి మేత లోపలికి జారి కడుపు చీము పడుతుంది.

సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోను చేయవలెను (సంవత్సరం కాదు, అదే నంబరు). ఎప్పుడు ఉబ్బింది, చివరిసారి ఏమి మేసింది, ఆ చేలో ఎన్నడు మందు కొట్టారు, ఈ మూడూ చెప్పండి.

విషం తగిలిన గేదె కోలుకున్నా, డాక్టరు సరే అనేవరకు దాని పాలు కేంద్రానికి పోయరాదు, ఇంట్లో పిల్లలకూ, దూడకూ పట్టరాదు. గేదె పొదుగు నిండిపోతే పితికి, పశువులు, కోళ్ళు తిరగని చోట గోతిలో పోసి మట్టి కప్పండి.